"సప్లీ" ఈపీ: చేతిలో 30 వేలు, వీడియోకి పెట్టాలా, కవర్‌కి పెట్టాలా?

ఓరుగల్లు_మైక్
మేం ఆరుగురం, హన్మకొండలో ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. నాలుగు పాటల ర్యాప్ ఈపీ (చిన్న ఆల్బమ్) రికార్డింగ్ అయిపోయింది. పేరు "సప్లీ", అంటే తప్పిన సబ్జెక్టుకి మళ్లీ రాసే పరీక్ష. హాస్టల్ గదిలో పరుపులు గోడలకి ఆనించి పాడాం, మిక్సింగ్ మా సీనియర్ చేసిపెట్టాడు. ఇక టైటిల్ పాటకి వీడియో తీయాలి, కవర్ ఆర్ట్ చేయించాలి. అందరం వేసుకుంటే 30 వేలు వచ్చాయి. గొడవ అక్కడే మొదలైంది. మా డైరెక్టర్ (మంచి ఫోన్ వాడి దగ్గరే ఉంది కాబట్టి వాడే డైరెక్టర్) ప్లాన్ ఇదీ: ఒక రోజుకి ఎర్ర స్పోర్ట్స్ కారు అద్దె, వరంగల్ కోట తోరణాల మీద డ్రోన్ షాట్, ఒక మోడల్. వాడి లెక్క 28 వేలు. మిగిలిన రెండు వేలలో కవర్ చేయించాలట, బిర్యానీలు కూడా అందులోనేనట. పాట నొక్కక ముందే జనం చూసేది కవరే కదా అంటే వినడు. స్టూడెంట్ బడ్జెట్‌లో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ డబ్బు ఎలా పంచాలి?

బ్యాక్‌బెంచ్_బీట్స్
సప్లీ ఫీజు కోసం ఇంట్లో అబద్ధం చెప్పినవాడి పాటలో స్పోర్ట్స్ కారు ఎక్కడి నుంచి వచ్చింది భయ్యా?

కాజీపేట_ప్యాసింజర్
కార్లున్నోళ్లకి సప్లీలు ఉండవా? మా బ్యాచ్‌లో ఒకడు పరీక్ష ఫెయిలవడానికి కూడా కారులోనే వచ్చేవాడు.

లెన్స్_మామ
నాది పెళ్లి వీడియోల పని. కాలేజీ పిల్లల పాటలు కూడా అప్పుడప్పుడు తీస్తుంటా. అద్దె కారుతో షూట్ ఎలా జరుగుతుందో చెప్తా. తొమ్మిదికి రావాల్సిన కారు పన్నెండుకి వస్తుంది. కారుతో పాటు ఓనర్ మనిషి ఒకడు వస్తాడు. బానెట్ మీద కూర్చోవద్దంటాడు, డోర్‌కి ఆనుకోవద్దంటాడు, వంద మీటర్లు దాటి నడపొద్దంటాడు. మూడింటికల్లా టైమైపోయిందంటాడు. చివరికి మీరంతా కారు పక్కన వరసగా చేతులు కట్టుకుని నిలబడతారు, వీడియో మొత్తం షోరూమ్‌లో తాళాలు అందుకుంటున్న ఫొటోలా ఉంటుంది. ఆ డబ్బుకి ఇంకో రెండు రోజుల షూటింగ్ వస్తుంది. మ్యూజిక్ వీడియోకి కావాల్సింది ఎక్కువ షాట్లు, ఎక్కువ చోట్లు. వస్తువులు కాదు.

ఓరుగల్లు_మైక్
ఇది చదివి వినిపించా. కారు వదిలేస్తాడట, డ్రోన్ మాత్రం వదలడట.

రూల్స్_రంగయ్య
డ్రోన్ సంగతి నేను చెప్తా. వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడం. వేయిస్తంభాల గుడి కూడా అంతే. అక్కడ సినిమా షూటింగ్‌లాంటిది ఏది చేయాలన్నా ఆ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. సెల్ఫీ వీడియో వేరు, స్పీకరు పెట్టి పాట వేసుకుని టేకులు తీయడం వేరు, వాచ్‌మన్ రెండో నిమిషానికే వస్తాడు. డ్రోన్ రూల్స్ 2021లో వచ్చాయి. 250 గ్రాములు దాటని నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. అంత మాత్రాన ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోనా కాదా చూసుకోవాలి, గ్రీన్‌లో కూడా 400 అడుగులే పరిమితి. కట్టడం అనుమతి మళ్లీ విడిగా తీసుకోవాలి.

కాజీపేట_ప్యాసింజర్
అయితే కాజీపేట జంక్షన్‌లో తీసుకోండి. ప్లాట్‌ఫామ్, రైళ్లు, రాత్రి లైట్లు. ఎవడు అడుగుతాడు?

రూల్స్_రంగయ్య
ఆర్పీఎఫ్ వాళ్లు అడుగుతారు. స్టేషన్‌లో షూటింగ్‌కి దక్షిణ మధ్య రైల్వే అనుమతి కావాలి. పట్టాల మీదకి దిగితే అది ఇంకో కేసు. ప్రాణం సంగతి సరేసరి.

బ్యాక్‌బెంచ్_బీట్స్
రంగయ్య గారూ, ఏది చేయొచ్చో కూడా ఒకటి చెప్పండి.

రూల్స్_రంగయ్య
హాస్టల్. వార్డెన్‌ని అడిగి.

మల్లన్న_మిర్చి
ఎరుపే కావాలంటే కారెందుకు? ఫిబ్రవరి, మార్చిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకి రండి. ఎటు చూసినా మిర్చి బస్తాలు, కుప్పలు. పొద్దున ఏడింటికి ఎండ ఏటవాలుగా పడుతుంటే ఆ రంగు కెమెరాలో ఏ ఫిల్టరూ లేకుండానే వస్తుంది. మా బాబాయి అక్కడ దడవాయి (సరుకు తూచే మనిషి), చిన్నప్పటి నుంచి చూస్తున్నా. రెండు జాగ్రత్తలు. తేజ రకం కుప్ప పక్కన నిలబడి ర్యాప్ చేస్తే రెండో లైనుకే దగ్గు అందుకుంటుంది, పాట మొత్తం దగ్గే రికార్డవుతుంది. చపాటా పక్కన నిలబడండి, దానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. రెండోది, కుప్ప మీదకి షూలతో ఎక్కొద్దు. అది రైతు అమ్ముకునే సరుకు, తంతారు. మార్కెట్ కార్యదర్శికి కాలేజీ లెటర్ ఇచ్చి అడగండి, వేలం మొదలయ్యేలోపు ముగించుకోండి.

సౌండ్_చెక్_సాయి
బాగానే ఉంది కానీ సప్లీకి, మిర్చికి ఏంటి సంబంధం?

మల్లన్న_మిర్చి
ఇంట్లో చెప్పి చూడు, తెలుస్తుంది.

ఎంసీ_సంధ్య
ఆ మోడల్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. పాటలో ఆమెకి పనేంటి?

ఓరుగల్లు_మైక్
అంటే... హుక్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే లైను) వచ్చినప్పుడు వెనక నిలబడుతుంది.

ఎంసీ_సంధ్య
నిలబడి?

ఓరుగల్లు_మైక్
అక్కా, ఐడియా నాది కాదు. మా ఆరుగురిలో ఒక అమ్మాయి ఉంది, టైటిల్ పాటలో రెండో వర్స్ (చరణం) తనదే. అందరికంటే బాగా పాడింది కూడా.

ఎంసీ_సంధ్య
మరి రెండో వర్స్ ఉన్న అమ్మాయి ఉండగా నిలబడటానికి ఇంకో అమ్మాయికి డబ్బులిస్తారా? నేను కాలేజీ ఫెస్టుల్లో ర్యాప్ చేస్తా. ఒక బ్యాచ్‌తో పాడిన పాటకి వీడియో తీస్తే నా వర్స్ వస్తున్నంతసేపూ తెర మీద మిగతావాళ్ల బైకులు తిరిగాయి. నేను కనిపించింది హుక్‌లో, అదీ వెనక వరసలో. షాట్ లిస్ట్ రాసేటప్పుడే ఎవరి వర్స్‌కి వాళ్ల ముఖం అని రాసి పెట్టుకోండి. ఎడిటింగ్‌లో చూద్దాం అంటే ఎడిటర్ ఎవడో వాడి ముఖమే ఎక్కువ వస్తుంది.

లెన్స్_మామ
చివరి వాక్యం ఫ్రేము కట్టించుకోవాలి.

పాతబస్తీ_పెన్ను
కారు, మోడల్, డ్రోన్ లేకపోతే హిప్‌హాప్ కాదనుకునే వాళ్లకి ఒక మాట. ఇది పుట్టిందే పాకెట్ మనీలో. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ రికార్డులు వేసిన పార్టీ నుంచే దీని చరిత్ర మొదలుపెడతారు. ఆ పార్టీ పెట్టింది వాళ్ల చెల్లెలు సిండీ, బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి. జరిగింది వాళ్లుండే అపార్ట్‌మెంట్ కింది హాల్లో. మీ హాస్టల్ మెస్ దానికేం తీసిపోదు.

సౌండ్_చెక్_సాయి
మా మెస్‌లో పార్టీ పెడితే చరిత్ర కాదు, ఫుడ్ పాయిజన్ అవుతుంది.

నీలిమ_గీతలు
అసలు ప్రశ్న సగం కవర్ గురించి, దాన్ని అందరూ వదిలేశారు. నేను ఫ్రీలాన్స్ డిజైనర్‌ని. ముందు కొలతలు: చదరంగా, 3000 బై 3000 పిక్సెల్స్, ఆర్‌జీబీ. ప్రింటుకిచ్చే సీఎంవైకే ఫైల్ పంపితే రంగులు మాడిపోతాయి, లేదా స్పాటిఫై లాంటి స్టోర్ల వాళ్లు తిప్పి పంపుతారు. కవర్ మీద ఇన్‌స్టా ఐడీ, ఫోన్ నంబర్, వెబ్‌సైట్, "త్వరలో విడుదల", యూట్యూబ్ లోగో లాంటివేవీ ఉండకూడదు. కవర్ మీద ఉన్న టైటిల్, పేరు మీరు అప్‌లోడ్ ఫారంలో రాసినవాటితో సరిపోవాలి. పిల్లల ఫైళ్లు ఎక్కువగా వెనక్కి వచ్చేది వీటి దగ్గరే. ఆ తర్వాత చిన్న సైజు పరీక్ష: కవర్‌ని ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూడండి. అక్కడ ఏమీ అర్థం కాకపోతే పెద్ద సైజులో ఎంత బాగున్నా లాభం లేదు. ఇంతకీ మీ ఐడియా ఏంటి?

ఓరుగల్లు_మైక్
హాల్ టికెట్ డిజైన్ అనుకున్నాం అక్కా. ఫొటో ఉండే చోట మా గ్రూప్ ఫొటో, సబ్జెక్టుల చోట పాటల పేర్లు.

రూల్స్_రంగయ్య
యూనివర్సిటీ ముద్ర, పేరు, కంట్రోలర్ సంతకం వాడొద్దు. సరదాకే అయినా.

నీలిమ_గీతలు
పైగా హాల్ టికెట్ అంటే అంతా చిన్న అక్షరాలే. గోరంత సైజులో తెల్ల కాగితంలా కనిపిస్తుంది. ఈ హాల్ టికెట్, మార్కుల మెమో ఐడియాలు ప్రతి ఏడాదీ ఏదో ఒక కాలేజీ నుంచి వస్తూనే ఉంటాయి.

బ్యాక్‌బెంచ్_బీట్స్
ఫ్లెక్సీ పెట్టండి! "సప్లీ క్లియర్ చేసిన సందర్భంగా మా ప్రియతమ నాయకుడికి హార్దిక శుభాకాంక్షలు". కింద గుండ్రాల్లో మిత్ర బృందం ఫొటోలు. అందరూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎటో చూస్తూ. వెనక సూర్యకిరణాలు.

కాజీపేట_ప్యాసింజర్
దండం పెడుతూ ఒకడు కచ్చితంగా ఉండాలి.

ఎంసీ_సంధ్య
ఇది బాగుంది. నిజంగా బాగుంది. చూడగానే మన ఊరిదని తెలుస్తుంది.

నీలిమ_గీతలు
ఐడియా అదిరింది. కానీ అంత రాత ఉంటే స్టోర్లో ఇబ్బంది. టైటిల్, ఆర్టిస్ట్ పేరు తప్ప అదనపు రాత ఉంటే తిరస్కరించే అవకాశం ఎక్కువ. ఆరు ముఖాలు ఆరు గుండ్రాల్లో పెడితే గోరంత సైజులో ఆరు చుక్కలే.

పాతబస్తీ_పెన్ను
ఫ్లెక్సీ డిజైన్‌ని కవర్‌గా పెట్టకండి. ఫ్లెక్సీని నిజంగా ప్రింట్ చేయించి, కట్టి, దాన్ని ఫొటో తీయండి. గాలికి ఒక మూల ఊడి వేలాడుతూ, ముడతలు పడి, సగం ముఖాల మీద నీడ పడి. రాత టైటిల్ ఒక్కటే. కింద ఖాళీ కుర్చీ ఒకటి.

నీలిమ_గీతలు
దొరికింది. నా ఓటు దీనికే. ఫ్లెక్సీ ప్రింటింగ్ చదరపు అడుగుకి పది, పదిహేను రూపాయల దగ్గర అయిపోతుంది. పది బై ఎనిమిది వేయించినా వెయ్యి, పన్నెండు వందలు. అదే ఫ్లెక్సీ వీడియోలో బ్యాక్‌గ్రౌండ్ అవుతుంది, కవర్‌కీ వీడియోకీ సంబంధం దానంతటదే కుదురుతుంది. స్పాటిఫైలో కాన్వాస్ అని పాట వెనక తిరిగే మూడు నుంచి ఎనిమిది సెకన్ల నిలువు వీడియో పెట్టుకోవచ్చు. గాలికి ఊగే ఫ్లెక్సీ క్లిప్ దానికీ పనికొస్తుంది.

రూల్స్_రంగయ్య
రోడ్డు మీద కట్టకండి, మున్సిపాలిటీ వాళ్లు పీకేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు. హాస్టల్ కాంపౌండ్ లోపలే కట్టండి.

డిస్కౌంట్_దేవుడు
ఇంత కష్టం ఎందుకు, ఏఐలో టైప్ చేస్తే నిమిషంలో వస్తుంది. రూపాయి ఖర్చు లేదు.

నీలిమ_గీతలు
"సప్లీ" అని తెలుగులో రాయించి చూపించు.

డిస్కౌంట్_దేవుడు
...రెండో అక్షరం కన్నడలా వచ్చింది. మూడోసారి ఏ భాషో తెలియట్లేదు. బ్యాక్‌గ్రౌండ్ వరకు వాడుకోవచ్చుగా?

పాతబస్తీ_పెన్ను
వాడుకోవచ్చు. వినేవాడు కూడా ఇదేదో నిమిషంలో చేసిందే అనుకుంటాడు. తొలి రికార్డుకి ఆ పేరు అవసరమా?

డిస్కౌంట్_దేవుడు
అందరి దగ్గరా డబ్బులుండవు సార్. వెయ్యి రూపాయలు కూడా లేనివాడు కవర్ లేకుండా పాట దాచుకోవాలా?

నీలిమ_గీతలు
అక్కర్లేదు. ఆ వెయ్యి లేకపోతే హాస్టల్ గోడ మీద సుద్దముక్కతో టైటిల్ రాసి ఫొటో తీసినా కవరే. అది మాత్రం ఇంకెవరి దగ్గరా ఉండదు.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి చెప్తా. ఫ్లెక్సీ షాపులో చాలాచోట్ల ఇంకా పాత అను ఫాంట్లే. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ రాత వాళ్ల దగ్గర అలాగే పడదు, మళ్లీ టైప్ చేస్తారు, అక్కడ తప్పులు దొర్లుతాయి. డిజైన్ మీరే చేసి పీడీఎఫ్ ఇవ్వండి, అక్షరాల్ని అవుట్‌లైన్లుగా (బొమ్మలుగా) మార్చి. పాత ఫొటోషాప్‌లో టైప్ చేస్తే "ప్లీ" విడిపోయి "ప్" పక్కన "లీ" వచ్చి కూర్చుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే లావత్తు కిందకి దిగుతుంది. దిగాక ఇంకో చిక్కు: పైన గుడి దీర్ఘం, కింద లావత్తు, అక్షరం ఎత్తు పెరుగుతుంది. ఇంగ్లిష్ టైటిల్‌కి వదిలినంత జాగా వదిలితే లావత్తు తోక అంచు దగ్గర తెగుతుంది. ఫాంట్ లావుగా కావాలంటే రామభద్ర, కొంచెం గుండ్రంగా కావాలంటే బాలూ తమ్ముడు. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ఆల్బమ్‌కీ వాడుకోవచ్చు.

సౌండ్_చెక్_సాయి
బాలూ తమ్ముడు అనే ఫాంట్ నిజంగా ఉందా, ఆటపట్టిస్తున్నారా?

నీలిమ_గీతలు
ఉంది. వెతుకు తమ్ముడూ.

సౌండ్_చెక్_సాయి
ఇంకో డౌట్. మైక్ బ్రో, బీట్లు మీవేనా?

ఓరుగల్లు_మైక్
రెండు మావి. టైటిల్ పాటది యూట్యూబ్‌లో తీసుకున్నాం, "ఫ్రీ" అని రాసి ఉంది. నాలుగో పాటలో ఒక పాత సినిమా పాట పల్లవి ముక్క వాడాం.

సౌండ్_చెక్_సాయి
అయ్యో, ముందు ఇది తేల్చుకోండి. కవర్, వీడియో తర్వాత. ఫ్రీ అన్న బీట్ కింద డిస్క్రిప్షన్ చదువు, చాలావాటికి "డబ్బు రాని వాడకానికే" అని ఉంటుంది. స్పాటిఫైలో పెడితే అది డబ్బు వచ్చే వాడకమే. ఆ ప్రొడ్యూసర్ పేజీలో లీజ్ (బీట్ వాడుకునే హక్కు) కొనుక్కో, మామూలుగా ఇరవై, ముప్పై డాలర్ల నుంచి ఉంటాయి. ఎన్ని స్ట్రీమ్‌ల వరకో, వీడియోకి కూడా వర్తిస్తుందో లేదో చదివి కొను. అప్‌లోడ్ చేసేటప్పుడు కంటెంట్ ఐడీ (మీ పాట యూట్యూబ్‌లో ఎవరి వీడియోలో వినిపించినా పట్టుకునేది) అనే గడి టిక్ చేయకు. లీజ్ బీట్ మీ ఒక్కరిదే కాదు, అదే బీట్ మీద ఇంకో యాభై మంది పాడి ఉంటారు. నువ్వు టిక్ చేస్తే వాళ్లందరి వీడియోల మీదా మీ పేరుతో క్లెయిమ్‌లు పడతాయి, తిట్లు మీకు.

రూల్స్_రంగయ్య
సినిమా పాట ముక్క చిన్నదైనా అనుమతి కావాలి. ఎనిమిది సెకన్లలోపు పర్వాలేదనేది పుకారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కి విడుదలైన తర్వాత 60 ఏళ్లు హక్కులుంటాయి. సాహిత్యానికి, బాణీకి రాసినవాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు. అంటే రికార్డింగ్ గడువు తీరినా పాట గడువు తీరకపోవచ్చు. యూట్యూబ్‌లో అయితే మామూలుగా క్లెయిమ్ పడి డబ్బు వాళ్లకి పోతుంది. స్ట్రైక్ (కాపీరైట్ హెచ్చరిక) పడితే వేరే కథ, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది.

ఓరుగల్లు_మైక్
నాలుగో పాటలో ఆ ముక్క తీసేసి మా వాడితో హార్మోనియం వాయిస్తాం. వాళ్ల తాతగారిది ఉంది, భజనలకి వాడేది. లీజ్ ఇప్పుడే కొంటున్నా.

పాతబస్తీ_పెన్ను
హార్మోనియమే బాగుంటుంది, చూడు.

లెన్స్_మామ
షూటింగ్‌కి వద్దాం. ఫోన్‌తోనే తీయండి, నామోషీ ఏం లేదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, మీ ఫోన్‌కి ఉంటే వేసుకోండి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50, రెండూ లాక్. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే 1/50 కానీ 1/100 కానీ పెడితే ట్యూబ్‌లైట్లు మినుకుమనవు. ఇంకేదో పెడితే కారిడార్ గోడల మీద చారలు పాకుతుంటాయి, ఎడిటింగ్‌లో పోవు. పగలు 1/50 అంటే ఆకాశం తెల్లగా మాడిపోతుంది, ఫోన్‌కి బిగించే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే అద్దం) ఒకటి కొనండి. లొకేషన్ మారినప్పుడల్లా పాట మొదటి నుంచి చివరిదాకా పాడించి తీయండి, మీ లైను ఒక్కటే తీసి వచ్చేస్తే ఎడిటింగ్‌లో చేతులు కట్టేసినట్టే. బ్లూటూత్ స్పీకర్ వద్దు, సౌండ్ ఆలస్యంగా వస్తుంది... పెదాలు ఆ స్పీకర్‌కే కలుస్తాయి కాబట్టి నిజానికి ఫరవాలేదు, కానీ మధ్యలో తెగిపోయే స్పీకర్ అయితే చచ్చినట్టే. వైరు మేలు. ప్రతి టేకు ముందు చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో బొమ్మనీ సౌండ్‌నీ జత కలపడానికి.

బ్యాక్‌బెంచ్_బీట్స్
స్లో మోషన్‌లో నడుస్తూ కూడా పెదాలు కరెక్టుగా కలుస్తాయి కదా కొన్ని వీడియోల్లో, అదెలా?

లెన్స్_మామ
పాటని రెట్టింపు వేగంతో వేస్తారు, 50 ఫ్రేముల్లో తీస్తారు, 25లో ప్లే చేస్తారు. పెదాలు పాటకి సరిపోతాయి, బట్టలూ జుట్టూ నెమ్మదిగా కదులుతాయి. చేసేవాడికి నాలుక తిరగాలంతే. మీ ఫ్లెక్సీ షాట్‌కి ఇదే చేయండి, గాలి మంచి పని చేస్తుంది. ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, 4కే వరకు ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. మామూలు ఫోన్ కెమెరా యాప్‌తో తీసిన క్లిప్స్ అయితే ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, పాట చివరికొచ్చేసరికి పెదాలు జారిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకుని మొదలుపెట్టండి.

డిస్కౌంట్_దేవుడు
రెట్టింపు వేగంలో మా వాడు ర్యాప్ చేస్తే అచ్చం వేలంపాటే.

మల్లన్న_మిర్చి
యార్డుకి తీసుకురా, జీతమిస్తారు.

ఓరుగల్లు_మైక్
కూర్చుని లెక్కేశాం. బీట్ లీజ్, ఫ్లెక్సీ, ఎన్‌డీ ఫిల్టర్, రెండు రోజులకి గింబల్ (ఫోన్ అదరకుండా పట్టుకునే స్టాండు), రెండు ఎల్‌ఈడీ లైట్ల అద్దె, ఫైళ్లు దాచడానికి ఒక ఎస్ఎస్‌డీ, కవర్ ఫొటో తీసే సీనియర్‌కి కొంచెం, తిండి, ఆటోలు. ఇరవై రెండు వేలు దాటట్లేదు. మిగిలింది రెండో వీడియోకి. డ్రోన్ లేదు, మోడల్ లేదు. మొదటి రోజు హాస్టల్ కారిడార్, మెస్, కాంపౌండ్‌లో ఫ్లెక్సీ. రెండో రోజు పొద్దున్నే యార్డు, లెటర్ మీద హెచ్‌ఓడీ సంతకం పెట్టారు. రెండో వర్స్ మొత్తం మిర్చి బస్తాల మధ్య తనొక్కతే. డైరెక్టర్ మొహం మాడ్చుకున్నాడు కానీ, రెట్టింపు వేగం ట్రిక్ చదివాక మళ్లీ వాడే ఎగురుతున్నాడు.

ఎంసీ_సంధ్య
తనకి చపాటా వైపు చోటివ్వండి, తేజ వైపు కాదు.

సౌండ్_చెక్_సాయి
రిలీజ్ తేదీ వారం లోపల పెట్టకండి. స్పాటిఫై ఎడిటర్లకి పాట పంపాలంటే కనీసం 7 రోజుల ముందు ఫైల్ అక్కడ ఉండాలి. మూడు, నాలుగు వారాలు ఉంచుకుంటే కవర్ తిప్పి పంపినా సరిచేసుకునే టైముంటుంది. బూతులుంటే ఎక్స్‌ప్లిసిట్ అని టిక్ చేయండి, దాచకండి.

ఓరుగల్లు_మైక్
మూడో పాటలో రెండున్నాయి. టిక్ చేస్తాం.

రూల్స్_రంగయ్య
వార్డెన్ ఒప్పుకున్నాడా?

ఓరుగల్లు_మైక్
ఒప్పుకున్నారు. ఒకటే కండిషన్, ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఉండకూడదట.

కాజీపేట_ప్యాసింజర్
అసలు ఆయన ఫొటో ఎవడు పెడతానన్నాడు?

ఓరుగల్లు_మైక్
మొదటి డిజైన్‌లో పైన మధ్యలో పెట్టాం.